ఈ బొమ్మ ఇక ఆపేయనా?

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో బొమ్మలు వేసేవాళ్ల నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ ఒకే చోట తిరుగుతున్నాయి. మొదలుపెట్టిన పని కుదరడం లేదు, ఇంకా పట్టుకుని కూర్చోవాలా, వదిలేయాలా అని. పట్టుదల ఉండాలి అని చెప్పి పంపేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. లోపం ఎక్కడుందో ముందు తేలాలి. బట్ట, కాగితం, చెక్క, గోడ వంటి సరుకులోనే ఉంటే ఆ రోజే ఆపాలి. గీతలో, కూర్పులో ఉంటే గడువు పెట్టుకుని పని చేయాలి. మనసు పెట్టలేకపోవడమే కారణమైతే తొందరపడకూడదు.

ప్రశ్న: సాయంకాలపు ప్రకాశం బ్యారేజీని 5 అడుగులు × 4 అడుగుల కాన్వాస్ మీద నూనె రంగుల్లో వేస్తున్నాను. 14 నెలలైంది. ఆకాశం నాలుగుసార్లు మార్చాను. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట చెడుతోంది. కుడివైపు సన్నని పగుళ్లు వచ్చాయి. నీళ్లలో కొన్నిచోట్ల రంగు మెరుపు పోయి వెలవెలబోయింది. ఇంత కాలం, ఇంత డబ్బు పెట్టాక వదలడానికి ప్రాణం ఒప్పడం లేదు. (భవానీపురం, విజయవాడ)

జవాబు: ఆ 14 నెలల్ని ముందు లెక్కలోంచి తీసేయండి. బొమ్మ పూర్తిచేసినా అవి తిరిగి రావు, ఆపేసినా రావు. ఇక్కడి నుంచి ఎన్ని రోజులు పడుతుంది, ఆ తర్వాతైనా బొమ్మ నిలుస్తుందా అన్నవే చూడవలసినవి.

మీరు రాసినవి మూడు వేర్వేరు జబ్బులు. రంగు వెలవెలబోవడం వీటిలో తేలికైనది. కింది పొర పైరంగులోని నూనెను పీల్చేసింది, అంతే. ఆ భాగం పూర్తిగా ఆరాక లిన్సీడ్ ఆయిల్ (అవిసె నూనె), టర్పెంటైన్ సమపాళ్లలో కలిపి నూలు గుడ్డతో చాలా పలచగా రుద్దండి. పది నిమిషాలాగి మిగిలిన తడిని పొడిగుడ్డతో తుడిచేయండి. మెరుపు తిరిగి వస్తుంది. ఇందుకోసం ఎవరూ బొమ్మ వదలక్కర్లేదు.

పగుళ్లు అలా కాదు. నూనె రంగు నీరు ఆవిరై ఆరేది కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడేది. అందుకే కింద నూనె తక్కువ ఉన్న రంగు, పైపైకి నూనె ఎక్కువ ఉన్న రంగు వేయాలంటారు. మీరు ఆకాశం నాలుగుసార్లు మార్చారంటే ఆరని పొర మీద త్వరగా ఆరే పొర పడి ఉంటుంది. బర్న్ట్ అంబర్ త్వరగా ఆరుతుంది. ఐవరీ బ్లాక్, అలిజరిన్ క్రిమ్సన్ చాలా నిదానం. నల్లటి నీడ మీద అంబర్ కలిపిన రంగు పడితే పైపొర ముందు బిగుసుకుంటుంది, కిందిది ఇంకా కదులుతూ ఉంటుంది, పైది చీలుతుంది. తెల్లరంగు ట్యూబు మీద కోడ్ కూడా చదవండి. పీడబ్ల్యూ 6 అని ఉంటే టైటానియం. పీడబ్ల్యూ 4 అని ఉంటే జింక్. నూనెలో జింక్ తెలుపు ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కి పొరలు పొరలుగా లేస్తుంది. రెండూ కలిపి అమ్మే ట్యూబులూ ఉన్నాయి కాబట్టి పేరు చూసి సరిపెట్టుకోవద్దు.

ఇప్పుడు పగుళ్లను భూతద్దంతో చూడండి. చీలికలో కింది రంగు కనిపిస్తే పైపొరే పోయింది. తెల్లటి ప్రైమర్ (రంగులకు ముందు బట్టకు పూసే పూత) కనిపిస్తే పొరలన్నీ పోయాయి. పగులు పక్కన రంగు దళసరిగా ఉన్నచోట బొటనవేలి గోరు మెల్లగా నొక్కండి. గుంట పడితే లోపల ఇంకా పచ్చిగా ఉంది, అలాంటి దాని మీద ఏం వేసినా మళ్లీ పగులుతుంది. పగులు అంచులు చిప్పల్లా పైకి లేచినా, పగుళ్లు బొమ్మంతా పాకినా ఆపేయండి. ఆ బొమ్మ ఎంత బాగా ముగించినా గోడ మీద నిలవదు. కొన్నవాళ్ల ఇంట్లో రంగు రాలితే పోయేది మీ పేరు. అలా కాకుండా లోపం అరచేయంత మేరకే ఉండి అంచులు చదునుగా ఉంటే, అక్కడి పైపొర గీకి, ఆరనిచ్చి మళ్లీ వేసుకోవచ్చు.

మూడోది కూర్పు. ఇక్కడే ఎక్కువమంది నెలలు పోగొట్టుకుంటారు. బ్యారేజీకి 70 గేట్లు. అన్నిటినీ ఒకే శ్రద్ధతో, ఒకే పదునుతో వేస్తే కంటికి ఆగే చోటు దొరకదు. అప్పుడు ఆకాశం బాగోలేదనిపిస్తుంది, దాన్ని మారుస్తారు. అసలు తప్పు గేట్ల వరుసలో ఉంటుంది, శిక్ష ఆకాశానికి పడుతుంది. దగ్గరి పది పన్నెండు గేట్లు స్పష్టంగా ఉండి, తర్వాతివి ఒక్క మసక పట్టీగా కలిసిపోయినా చూసేవాళ్లు 70 ఉన్నాయనే నమ్ముతారు.

తప్పు ఎక్కడుందో తేల్చుకోవడానికి ఇలా చేయండి. ఫోన్‌తో ఫొటో తీసి నలుపు తెలుపుల్లోకి మార్చి, తెరమీద అగ్గిపెట్టె సైజుకు తగ్గించి చూడండి. నది ఎక్కడ, కట్ట ఎక్కడ, కొండ ఎక్కడ అన్నది అప్పటికీ విడివిడిగా తెలియకపోతే లోపం రంగుల్లో లేదు, వెలుగునీడల్లో ఉంది. తర్వాత అదే కొలత నిష్పత్తిలో, అంటే 5 అంగుళాలు × 4 అంగుళాలలో, ఆరు చిన్న చిత్తులు వేయండి. నలుపు, బూడిద, తెలుపు చాలు. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. ఆరింటిలో బాగా వచ్చినదాన్ని కాన్వాస్ పక్కన పెట్టి చూడండి. వెలుగునీడలు మారిస్తే చాలుననిపిస్తే పాత కాన్వాస్‌లోనే పని ఉంది. కట్ట గీతనే పైకో కిందకో జరపాల్సి వస్తే కొత్త కాన్వాస్ తీసుకోండి. దళసరి రంగుతో వేసిన గేట్ల గట్లు ఎన్ని పొరలు కప్పినా పక్కవెలుతురు పడగానే పైకి తేలతాయి.

పాతదాన్నే కొనసాగిస్తే రెండేసి గంటల చొప్పున మూడు విడతలు పెట్టుకోండి. పొర ఆరడానికి మధ్యలో ఎడం ఇవ్వండి. ప్రతిసారీ కుంచె ముట్టుకునే ముందు, ఆ రోజు ఏం మారుస్తారో ఒక వాక్యం కాగితం మీద రాసి కాన్వాస్ వెనక అంటించండి. ‘కొండ నీడను నీటి నీడకంటే ఒక మెట్టు తేలిక చేయాలి’ అన్నది పనికొచ్చే వాక్యం. ‘ఏదో తేడాగా ఉంది’ అన్నది వాక్యం కాదు, ఆ రోజు రంగులు తీయకండి. ప్రతి విడత తర్వాత అదే చోట, అదే వెలుతురులో ఫొటో తీయండి. మూడోది అయ్యాక మొదటి ఫొటో, చివరి ఫొటో పక్కపక్కన పెట్టండి. తేడా మంచివైపు లేకపోతే ఆపేయండి. నాలుగో విడత ఇవ్వకండి.

ఆపాక కాన్వాస్ పారేయనక్కర్లేదు. డచ్ చిత్రకారుడు వాన్ గో 1887లో పారిస్‌లో వేసిన పచ్చిక బొమ్మ కింద ఒక స్త్రీ ముఖం దాగి ఉందని 2008లో ఎక్స్‌రేలతో తేలింది. డబ్బు లేక పాత కాన్వాస్‌లే వాడుకున్నాడాయన. కానీ పగిలిన బొమ్మ మీద కొత్తది వేయకండి, బట్ట ఊడదీసి చెక్క ఫ్రేమ్ మాత్రం వాడుకోండి. పగుళ్లు లేని పాత బొమ్మ అయితే, పూర్తిగా ఆరాక 220 నంబరు నీటికాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) తడిగా రుద్ది గట్లు చదును చేయండి. పొడిగా రుద్దితే కాడ్మియం వంటి రంగుల దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. సీసపు తెలుపు వాడిన బొమ్మనైతే అసలు రుద్దవద్దు. రుద్దినదాని మీద నూనె ప్రైమర్ మాత్రమే పూయాలి. గెస్సో అనే మామూలు ప్రైమర్ యాక్రిలిక్‌ది (నీటితో కలిపే రకం), నూనె మీద అతుక్కోదు, కొన్నాళ్లకు తొక్కలా లేచిపోతుంది. యాక్రిలిక్ మీద నూనె వేయొచ్చు, నూనె మీద యాక్రిలిక్ కూడదు.

ఇంకో మాట, విజయవాడ మే నెలకు మరీ ముఖ్యం. లిన్సీడ్ ఆయిల్ అంటిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. తీగ మీద విడివిడిగా పరిచి ఆరేయండి, లేదా మూతడబ్బాలో నీళ్లు పోసి ముంచి ఉంచండి. వాడిన టర్పెంటైన్‌ను కాలువలో పోయకండి. సీసాలో వారం కదపకుండా ఉంచితే రంగు అడుక్కి దిగుతుంది, పైతేట మళ్లీ కుంచెలు కడగడానికి పనికొస్తుంది.

ప్రశ్న: మిరప కళ్లాల మీద 12 నీటిరంగుల చిత్రాల వరుస అనుకున్నాను. ఐదు అయ్యాయి. ఆరో దాని నుంచి వాష్‌లో (నీళ్లతో పలచగా పరిచే రంగు పొరలో) తెల్లటి, నల్లటి మచ్చలు పడుతున్నాయి. ఎరుపు తప్పు పడితే ఎంత కడిగినా పోవడం లేదు. పైగా అన్నీ ఒకేలా వస్తున్నాయి. వరుస మొత్తం వదిలేయనా? (అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: మచ్చలకు మీ చేయి కారణం కాదు. నీటిరంగుల కాగితానికి జిగురు పట్టించి ఉంటారు, నీటిని వెంటనే పీల్చకుండా ఆపేది అదే. తేమలో నిలవున్న కాగితానికి ఆ జిగురు అక్కడక్కడా దెబ్బతింటుంది. ఒక మూలన, మధ్యలో, ఇంకో మూలన ఒక్కో నీటిబొట్టు వేసి చూడండి. బొట్టు ఉబ్బుగా నిలిస్తే కాగితం బాగుంది. వెంటనే ఇంకి ముదురు మచ్చ పడితే పోయింది. అలాంటి కాగితం మీద ఎంత నేర్పున్నవాళ్లు వాష్ వేసినా అదే గతి, కాబట్టి ఆ పలకలన్నీ ఈ వరుసలోంచి తీసేయండి. బొగ్గుతో, పాస్టెల్‌తో గీసుకోవడానికి బాగా పనికొస్తాయి. కొత్త కాగితం (300 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాములు, నూటికి నూరుపాళ్లు కాటన్) వానాకాలంలో జిప్ కవరులో సిలికా జెల్ పొట్లాలతో దాచండి.

ఎరుపు మాట వేరు. కొన్ని రంగులు నారలోకి దిగి పట్టేస్తాయి. అలిజరిన్, థాలో నీలం ఆ జాతివే. గట్టి కుంచెతో, మంచినీళ్లతో రెండుసార్లు ఎత్తి అద్దుడు కాగితంతో ఒత్తండి. అప్పటికీ పోకపోతే ఆ పలక వదిలేయండి, మూడోసారికి కాగితం నూగులేస్తుంది. ట్యూబు మీద పీఆర్ 83 ఉంటే అది అసలు అలిజరిన్, వెలుతురుకు వెలిసిపోతుంది. కళ్లం బొమ్మలో ఎరుపే వెలిస్తే ఇక మిగిలేదేముంది? పీవీ 19, పీఆర్ 254 కోడ్ ఉన్న ఎరుపులు వెలుతురుకు తట్టుకుంటాయి. పూర్తయిన ఐదింటిలో ఏ ఎరుపు వాడారో చూసుకోండి. పీఆర్ 83 అయితే అమ్మకండి, ప్రింటు తీయించుకుని అసలును చీకట్లో దాచండి.

అన్నీ ఒకేలా వస్తున్నాయంటే వరుస ఐదుతోనే పూర్తయి ఉండవచ్చు. 12 అన్న సంఖ్య మీరు పెట్టుకున్నదే కదా. మిగిలిన ఏడింటికి ఒక్కో మాట రాయండి: ఏ వేళ, ఏ ఎత్తు నుంచి చూపు, మనుషులున్నారా లేరా, బస్తాలా, పరిచిన కాయా, తొడిమలు తీసే చేతులా. ముందు వేసిన ఐదింటిలో లేనిది ఏమైనా ఆ జాబితాలో దొరికితే అది మాత్రం వేయండి. దొరకకపోతే ఐదుతో ముగించి ఫ్రేములు కట్టించండి. ఐదు బొమ్మల వరుస చిన్నదేమీ కాదు.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో తడిసిన నా బొమ్మలు ఆరబెట్టి మూటకట్టి అటకమీద పెట్టాను. ఇప్పటికీ విప్పలేదు. ఏవి బాగుచేయొచ్చు, ఏవి వదలాలి? (సింగ్‌నగర్, విజయవాడ)

జవాబు: మూట విప్పడమే కష్టమైన భాగమని తెలుసు. ఒక్కరే చేయకండి, ఇంట్లో ఒకరిని తోడు పెట్టుకోండి. ఎండ నేరుగా పడని డాబా మీద, ఎన్95 మాస్కు, చేతి తొడుగులు వేసుకుని విప్పండి, గదిలో వద్దు. బూజు దుమ్ము ఫ్యాను గాలికి ఇల్లంతా పాకుతుంది. ఏ నిర్ణయమూ తీసుకోకముందే ప్రతిదాన్నీ ముందూ వెనకా ఫొటో తీయండి. పోయేవాటికి కూడా ఆ ఫొటో మిగులుతుంది.

హార్డ్‌బోర్డు, ఎమ్‌డీఎఫ్ పలకలు అంచుల్లో ఉబ్బితే వదిలేయాల్సిందే, అవి తిరిగి చదును కావు. కాన్వాస్‌కైతే మూడు పరీక్షలు. ఫ్రేమ్ వెనక మడతలోంచి ఒక పోగు లాగండి, కొద్దిపాటి లాగుడుకే తెగితే బట్ట కుళ్లింది. తడి ఆనని పొడి దూది పుల్లతో రంగు మీద మెల్లగా తట్టండి, పొట్టు రాలితే రంగు పట్టు వదిలేసింది. బూజును మెత్తని పొడి కుంచెతో దులపండి, నల్ల చుక్కలు రంగు కిందనుంచే కనిపిస్తుంటే అది లోపలికి దిగింది. మూడింటిలో రెండు చెడ్డవిగా తేలితే ఆ బొమ్మను వదలండి. ఒక్కటే అయితే, ఆ బొమ్మ మీకు ప్రియమైనదైతే, పాత చిత్రాల మరమ్మతు తెలిసినవారికి చూపండి. సొంతంగా నీళ్లతో, వెనిగర్‌తో, బ్లీచింగ్‌తో తుడవకండి.

కాగితం బొమ్మలు ఒకదానికొకటి అంటుకుని ఉంటే లాగకండి. నీటిచార పడ్డ నీటిరంగుల బొమ్మను సరిచేయబోతే మిగిలిన రంగూ కదులుతుంది. చార మేర కత్తిరించి మిగిలిన భాగాన్ని చిన్న బొమ్మగా కట్టించుకోవచ్చు, నిస్సంకోచంగా ఆ పని చేయండి. పెన్సిల్ చిత్తులు చాలావరకు దక్కుతాయి. వదిలేసినవి బిగించిన ప్లాస్టిక్ సంచిలో బయటికి పంపండి, బాగున్నవాటి పక్కన ఒక్కరాత్రి కూడా ఉంచవద్దు.

ప్రశ్న: ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో 12 × 8 అడుగుల గోడచిత్రం ఒప్పుకున్నాను. కింది రెండడుగులు ఉబ్బి తెల్లటి పొడి వస్తోంది. రెండుసార్లు పుట్టీ పెట్టి మళ్లీ వేశాను. యజమాని మూడోసారి వేయమంటున్నారు. సగం డబ్బు తీసుకున్నాను. (పటమట, విజయవాడ)

జవాబు: మూడోసారి వేయకండి. నేలలోని నీరు గోడలోకి ఎక్కుతూ ఉప్పును పైకి తెస్తోంది. నీరు ఆవిరవుతుంది, ఉప్పు గడ్డకట్టి రంగును వెనకనుంచి తోస్తుంది. పుట్టీ గానీ యాక్రిలిక్ గానీ దాన్ని ఆపలేవు. యజమానికి కళ్లారా చూపించడానికి, రంగు గీకేసిన చోట ఒకటిన్నర అడుగుల చదరపు పాలిథీన్ ముక్కను నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించి ఒక రోజు వదలండి. గోడవైపు నీటిచెమ్మ పడితే తడి గోడలోదే.

ముందున్న దారులు రెండు. ఒకటి, మేస్త్రీతో కింది మూడడుగుల ప్లాస్టరు కొట్టించి, నీరెక్కకుండా చేయించి, కొత్త ప్లాస్టరును తడిపి, ఆ తర్వాత 28 రోజులైనా ఆరనివ్వడం. అది చిత్రకారుడి పని కాదు, ఖర్చూ మీది కాదు. రెండు, గోడను వదిలేసి బొమ్మను పలకల మీద వేయడం. నీటికి తట్టుకునే 12 మి.మీ. ప్లైవుడ్ లేదా సిమెంటు బోర్డు తీసుకుని, గోడకు అంగుళం ఎడంగా అల్యూమినియం పట్టీల మీద బిగించండి, వెనక గాలి ఆడాలి. బోర్డు అంచులకు కూడా ప్రైమర్ పూయడం మరవకండి.

రెండింటికీ ఒప్పుకోకపోతే తప్పుకోండి. అయిన పని ఎంత, సరుకు ఎంత అని కాగితం మీద లెక్క రాసి, ఫొటోలు జతచేసి, మిగిలింది తిరిగి ఇచ్చి సంతకం తీసుకోండి. నోటిమాటతో వదిలితే మాట పడేది మీరే. ఇకముందు ఒప్పందంలో గోడ తడి పరీక్ష మొదటి అంశంగా పెట్టండి. డబ్బు మూడు విడతలు చేసుకోండి: చిత్తు ఒప్పుకున్నాక 40 శాతం, రంగుల మొదటి పొర అయ్యాక 30, ముగిశాక 30.

లియొనార్డో డావిన్చీ 1505లో ఫ్లోరెన్స్ పురమందిరంలో పెద్ద యుద్ధచిత్రాన్ని గోడ మీద నూనె రంగులతో ప్రయత్నించాడు. రంగు ఆరలేదు, కారిపోయింది. దాన్ని అక్కడితో వదిలేశాడు. అంతటి చేతికీ గోడ లొంగలేదు.

ప్రశ్న: కొండపల్లి పద్ధతిలో దశావతారాలు చెక్కడం నేర్చుకుంటున్నాను. నరసింహుడి ఛాతీ మీద చీలిక వచ్చింది. పూడ్చి రంగేయనా? (ఇబ్రహీంపట్నం)

జవాబు: చీలిక రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేయండి. పదిహేను రోజులు నీడలో ఉంచి చూడండి. చీలిక గీత దాటితే తెల్ల పొణికి కర్ర ఇంకా ఆరుతూనే ఉంది, ఇప్పుడు ఏం పూడ్చినా మళ్లీ నోరు తెరుస్తుంది. దాటకుండా, వెంట్రుకంత సన్నగా ఉంటే చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కుతో పూడ్చి, ఆరాక నున్నగా రుద్ది, సున్నం పూత వేసుకోవచ్చు.

చీలిక చేయి గానీ తల గానీ అతికే చోటు గుండా పోతుంటే మాత్రం మొండెం కొత్తది చెక్కండి. ఈ పద్ధతిలో అవయవాలు విడిగా చెక్కి అతికిస్తారు కాబట్టి చేతులు, తల, కిరీటం వృథా కావు. ఇటలీ శిల్పి మైకెలాంజెలో 1514లో రోమ్‌లోని ఒక చర్చికి క్రీస్తు విగ్రహం ఒప్పుకుని చెక్కుతుంటే ముఖం దగ్గర పాలరాతిలో నల్లచార బయటపడింది. ఆ రాయిని వదిలేసి కొత్త రాతిలో మళ్లీ చెక్కి 1521లో ఇచ్చాడు. ముఖం మీద చారను ఆయన కప్పిపుచ్చలేదు.

ప్రశ్న: సగంలో ఆగిన బొమ్మలు 11 ఉన్నాయి. దేనిమీదా మనసు నిలవడం లేదు. (బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: మూడు ఈజిల్ దగ్గర ఉంచి, ఎనిమిదింటిని గోడవైపు తిప్పి పెట్టండి. వెనక తేదీ, ఎందుకు ఆగిందో ఒక్క ముక్క రాయండి. ఆరు వారాలు తిప్పి చూడకండి. గడువు తీరాక ఒక్కొక్కటే తిప్పండి. చూడగానే ఫలానా చోట చేయి పెట్టాలనిపిస్తే అది బతికున్నట్టే. వెనక మీరు రాసింది చదివితే తప్ప ఏం చేయాలో గుర్తురాకపోతే బట్ట ఊడదీయండి. ఊడదీసేటప్పుడు మేకులు స్క్రూడ్రైవరుతో పైకి లేపి పట్టకారుతో లాగండి, బట్టను పట్టుకుని గుంజితే చెక్క మూలలు విచ్చుకుంటాయి. బాగా వచ్చిన ఒక చేయో, చెట్టో ఉంటే ఆ ముక్క చుట్టూ రెండంగుళాలు వదిలి కత్తిరించి దాచుకోండి, రంగు ఎలా కలిపారో వెనక రాసి.